నెక్నాంపూర్ చెరువు కట్ట మీద

2019 చలికాలంలో ఓ ఆదివారం పొద్దున్నే మణికొండ పక్కనున్న నెక్నాంపూర్ చెరువుకు వెళ్లాను. కట్ట మీద అప్పటికే సందడి. వాకింగ్‌కొచ్చిన పెద్దవాళ్లు, గ్లౌజులు తొడుక్కుని ప్లాస్టిక్ ఏరుతున్న కాలేజీ పిల్లలు, నీటికోళ్లను చూసి కేరింతలు కొడుతున్న బుడతలు.

అంతకుముందు ఇటు రావాలంటే ముక్కు మూసుకోవాల్సిందేనట. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి, మురుగు చెరువులోకి దిగింది, గుర్రపుడెక్క కమ్మేసింది. ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ కాలనీవాళ్లను కూడగట్టుకుని చెరువును బాగుచేసే పనిలోకి దిగింది.

అందరూ ఫొటోలు తీసుకునేది నీటి మీద తేలే తోటను. 2018 ఫిబ్రవరి 2న, ప్రపంచ చిత్తడి నేలల దినం నాడు ప్రారంభించారు. వెదురు, థర్మాకోల్‌తో తెప్ప కట్టి, పైన గోనెసంచులు, కంకర పరిచి 3,500 మొక్కలు నాటారు. మట్టి అన్నదే లేదు.

ఒడ్డు దగ్గరి చిన్న తెప్ప మీంచి ఓ కార్యకర్త వట్టివేరు దుబ్బు పైకి లాగి, “పట్టుకు చూడండి సార్” అంది. వేళ్లకు గోధుమరంగు జిగురు. ఎండాకాలం మంచినీళ్ల కుండలో వేసుకునే వేరే, కానీ ఇక్కడ బురద కంపు కొడుతోంది. ఆ జిగురులోని సూక్ష్మజీవులే మురుగును తినేస్తాయట. నైట్రేట్లను వేళ్లు లాగేసుకుంటాయి.

మనవణ్ని తీసుకొచ్చిన ఓ ముసలమ్మ, “మా చిన్నతనంల గీ నీళ్లే తాగినం బిడ్డా. బతుకమ్మలు గూడ గీడ్నే ఏసేటోళ్లం. నడుమల ఇటు దిక్కు రాబుద్ధి గాకపోయేది” అంది.

నన్నడిగితే తోట కన్నా ఈ రాకపోకలే గొప్ప. ఓ రాత్రి లారీలో కూల్చిన ఇళ్ల మట్టి తెచ్చి పోయబోతే, రోజూ నడకకొచ్చేవాళ్లే అడ్డుపడి ఫోన్లు కొట్టారట. మనుషులు మసలని చెరువుకు కంచె వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే.

అలాగని మురిసిపోనక్కర్లేదు. ఆ తేలే తోట 3,000 చదరపు అడుగులు, అంటే మూడు గుంటలు కూడా కాదు. పైనుంచి కాలనీల మురుగు వచ్చిపడుతుంటే అదెంతని కడుగుతుంది? కార్యకర్తలూ ఇదే మాటన్నారు. హైదరాబాద్‌లో చాలా చెరువులు గొలుసుకట్టువి. పై చెరువు అలుగు పారితే కిందిది నిండుతుంది. పైన కలిసిన మురుగు కిందికీ చేరుతుంది.

మీ ఇంటి దగ్గర చెరువుంటే పిల్లల్ని ఓసారి కట్ట మీదికి తీసుకెళ్లండి. ఆ తర్వాత అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో ఒక్కటి అడగండి: మన మురుగు ఏ చెరువులోకి పోతోంది?