భుజం ‘అరిగిపోవడం’ గురించి

కీళ్ళ నొప్పి అనగానే మన నోట మొదట వచ్చే మాట ‘అరిగిపోయింది’. నా కుడిభుజం టెండన్ గురించి ఆ మాట విన్నాక నొప్పికంటే భయమే ఎక్కువైంది. అరిగేదాన్ని ఎవరైనా తక్కువే వాడతారు కదా! పాపని ఎత్తుకోవడం కూడా ఎడమచేతికి మార్చేశాను.

వైద్యంలోనూ ఈ మాటకో చరిత్ర ఉంది. పైనున్న ఎముకకి రాసుకునే టెండన్ దెబ్బతింటుందని 1972లో అమెరికన్ సర్జన్ ఛార్లెస్ నీర్ వాదించి, ఆ ఎముకని కొంత చెక్కే ఆపరేషన్‌ని వివరించాడు. 2018లో లాన్సెట్ పత్రికలో ఒక బ్రిటిష్ అధ్యయనం వచ్చింది. కొందరికి ఎముక చెక్కారు. కొందరికి కెమెరాతో లోపల చూసి, ఏమీ చెక్కకుండా వదిలేశారు. నొప్పి తగ్గడంలో ఈ ఇద్దరికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మా ఫిజియోథెరపిస్టు చెప్పే కథ వేరు. టెండన్‌కి రక్తం అందేది తక్కువ, మారడం నిదానం. కానీ బరువు పడితేనే గట్టిపడుతుంది. “కొంచెం నొప్పి ఉంటే ఉండనీండి. మర్నాటికి సర్దుకుంటే చాలు,” అన్నారావిడ. మోచేతిని ఒంటికి ఆనించి రబ్బరు బ్యాండుని బయటికి లాగడం, రోజు విడిచి రోజు, పన్నెండు వారాలు.

ఇది ఎనిమిదో వారం. ఆ పక్కకి తిరిగి ఇంకా పడుకోలేను. పై అరలోని పుస్తకాలు మాత్రం కుడిచేత్తోనే తీస్తున్నాను.