సెయింట్ జార్జికి సెలవు లేదు

ఇంగ్లండులో ఏప్రిల్ 23 ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో చాలామంది పట్టించుకోరు. ఆ రోజు వాళ్ళ దేశానికి పాలక పునీతుడైన సెయింట్ జార్జి పండగ. సెలవు మాత్రం లేదు. ఐర్లండులో సెయింట్ పాట్రిక్ డేకి 1903 నుంచీ సెలవే. స్కాట్లండు వాళ్ళు కూడా 2007లో చట్టం చేసుకుని సెయింట్ ఆండ్రూ రోజుని బ్యాంకు హాలిడేల్లో చేర్చుకున్నారు.

మార్చి 17న ఆకుపచ్చ టోపీ పెట్టుకుని గిన్నిస్ తాగే ఇంగ్లీషు కొలీగు, ఏప్రిల్ 23న మాత్రం నోరు మెదపడు. ఎందుకయ్యా అంటే ఇబ్బందిగా నవ్వుతాడు.

నాకర్థమైనంతవరకూ చిక్కంతా జెండాతో. ఏలుబడిలో నలిగినవాడి జెండా చూస్తే ముచ్చటేస్తుంది, ఏలినవాడి జెండా చూస్తే అనుమానమేస్తుంది. పైగా వలసవచ్చినవాళ్ళని పొమ్మనే గుంపులు కూడా ఆ ఎర్ర శిలువనే పట్టుకున్నాయి. 1996 యూరో ఫుట్‌బాల్ పోటీలప్పుడు మామూలు అభిమానులు దాన్ని బుగ్గలకి పూసుకుని కొంత వెనక్కి లాక్కున్నారు. 2025 ఆగస్టులో వీధి దీపాల స్తంభాలకి వేలాడేసరికి మళ్ళీ అదే ప్రశ్న: ఇది పండగా, హెచ్చరికా?

తమాషా ఏంటంటే, జార్జి ఇంగ్లండులో అడుగుపెట్టిన దాఖలాయే లేదు. కథల ప్రకారం ఆయనది కప్పడోకియా, అంటే ఇప్పటి టర్కీ. జార్జియాకీ, కాటలోనియాకీ కూడా ఆయనే. మన కేరళలో ఎడత్వా చర్చిలో కొలువున్నదీ ఆయనే. ఇక పాట్రిక్ బ్రిటన్‌లో పుట్టినవాడు, దొంగలు ఎత్తుకెళ్ళి ఐర్లండులో బానిసని చేశారు. అంటే పాట్రిక్కుది బలవంతపు ఆన్‌సైట్, జార్జి మొత్తం ఆఫ్‌షోర్ నుంచే నడిపించాడన్నమాట!

మావాడు ఇక్కడ కబ్ స్కౌట్. స్కౌట్లకి కూడా పాలక పునీతుడు జార్జే కాబట్టి ఏటా ఊరేగింపు ఉంటుంది. ఈసారి జెండా మోస్తావా అంటే ఎగిరి గంతేశాడు. "మనకెందుకురా ఆ జెండా?" అన్నాడు ఫోన్లో ఓ మిత్రుడు. వాడి భయం ఉత్తిదేం కాదు, ఆ జెండా కట్టిన కారులోంచే వాణ్ణి ఒకసారి బూతులు తిట్టారు. అయినా మావాణ్ణి పంపుతున్నా. మనలాంటివాళ్ళు దూరంగా ఉంటే, ఆ జెండాకి అర్థం చెప్పే హక్కు ఆ కారువాళ్ళకే రాసిచ్చినట్టు. దీపావళికి మన లడ్డూలు తిన్న పక్కింటివాళ్ళ పండగలో మనమూ ఓ చెయ్యి వేస్తే పోయేదేముంది?

అన్నట్టు, 2017 ఎన్నికల్లో లేబర్ పార్టీ నలుగురు పునీతుల రోజులకీ సెలవులిస్తామంది. ఓడిపోయింది. గెలిచుంటే మనకీ ఓ లాంగ్ వీకెండ్ దక్కేదేమో!