పండగ చూసి గుమ్మడి!

దసరా వచ్చిందంటే విశాఖలో బూడిద గుమ్మడికాయకు ఎక్కడలేని గిరాకీ. పోర్టు సరుకు మోసే లారీకి ఒకటి, గాజువాక వర్క్‌షాపులో లేతు మిషనుకు ఒకటి, పూర్ణామార్కెట్‌ దుకాణానికి ఒకటి, ఇంట్లో స్కూటరుకు ఇంకొకటి... ఆయుధపూజ నాడు దిష్టి తీసి కొట్టాల్సిందే. ధనుర్మాసం వస్తే గొబ్బెమ్మ నెత్తిన గుమ్మడిపువ్వు ఉండాలి. ఇక సంక్రాంతికి గుమ్మడికాయ పులుసు లేకపోతే విస్తరి నిండినట్టే కాదు. అందులో అనకాపల్లి బెల్లం ముక్క పడిందా, ఆ రుచే వేరు!

ఇన్ని విధాల అక్కరకొచ్చే గుమ్మడిని ఇంట్లోనే పండించుకుందామని చాలామంది సరదా పడతారు. విత్తనం వేస్తారు. మొలుస్తుంది. తీగ గోడ దాటి వీధిలోకి పాకుతుంది. కాయ మాత్రం పండగకు అందదు. లోపం మట్టిలోనో, నాటిన చేతిలోనో ఉందనుకుంటారు. చాలాసార్లు అది ఉండేది తేదీలో!

అటు ఎండ... ఇటు తుపాను

బూడిద గుమ్మడి ఆసియా కాయ. తీపి గుమ్మడి అమెరికా ఖండాల నుంచి వచ్చి మన వంటింట్లో స్థిరపడింది. రెండూ వెచ్చదనాన్ని ఇష్టపడేవే. అమెరికాలో అక్టోబరు 31న హాలోవీన్‌ పండక్కి కాయ కావాలంటే అక్కడి రైతులు చలి పూర్తిగా తగ్గాక, మే, జూన్‌ నెలల్లో విత్తుతారు. మంచు గడ్డకట్టని విశాఖలో ఆ బెంగ లేదు. ఏడాది పొడవునా విత్తనం మొలుస్తుంది. చిక్కల్లా ఆ తర్వాతే.

గుమ్మడి తీగకు మగపూలు, ఆడపూలు విడివిడిగా పూస్తాయి. ఎండలు ముదిరి, పగటి పొద్దు ఎక్కువగా ఉంటే మగపూల జోరు పెరుగుతుంది. వాతావరణం చల్లబడి, పగటి పొద్దు తగ్గితే ఆడపూలు ఎక్కువవుతాయి. మార్చి, ఏప్రిల్‌లలో విత్తిన తీగ పూలతో మురిపించి కాయలకు మొండిచేయి చూపేది అందుకే. పోనీ వానలు దండిగా పడ్డాక తీరిగ్గా విత్తుదామంటే, పిందె పట్టే వేళకు అక్టోబరు, నవంబరు తుపానులు కాచుకుని ఉంటాయి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ను విశాఖవాసులు మరిచిపోగలరా? దసరా వెళ్లి తొమ్మిది రోజులు, దీపావళికి ఇంకా పదకొండు. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి మహావృక్షాలే కూలిపోయాయి. ఇక తీగ ఎంత!

కాబట్టి విశాఖలో గుమ్మడి లెక్క ఒక్కటే. పులుసులోకి కాయ తుపానుకు ముందే ఇంట్లోకి చేరాలి. గొబ్బెమ్మకు పువ్వు పూసే తీగ తుపాను కాలం చివర్లో మొలకెత్తాలి.

మూడు పండగలు, మూడు ముహూర్తాలు

దసరాకు: బూడిద గుమ్మడి ముదరడానికి నాలుగు నెలలు పడుతుంది. అందుకే జూన్‌ మొదటి వారంలో విత్తాలి. పండగ సెప్టెంబరు చివర్లోనే వస్తే రోహిణి కార్తె మొదట్లో, మే ఆఖరి వారంలో వేసి, వానలు పడేదాకా నీళ్లు పోసుకోవాలి.

సంక్రాంతికి: తీపి గుమ్మడిని మృగశిర కార్తె రాగానే, అంటే జూన్‌ రెండో వారంలో విత్తితే అక్టోబరు మొదట్లో కాయ ముదురుతుంది. జనవరి దాకా తీగకే ఉంచక్కర్లేదు. బాగా ముదిరిన కాయ గాలి తగిలే పొడిచోట మూడు నెలలు నిల్వ ఉంటుంది. వెనకటి ఇళ్లలో ఉట్టి మీదో, అటక మీదో గుమ్మడికాయలు కనిపించేది ఇందుకే.

ధనుర్మాసానికి: విత్తిన 40, 45 రోజులకు పూత మొదలవుతుంది. నవంబరు మొదటి వారంలో విత్తితే డిసెంబరు మధ్య నుంచి ముంగిట్లోకి పూలు సిద్ధం. చలికాలపు చల్లదనానికి ఆడపూలూ బాగా వస్తాయి. ఎండలు ముదిరేలోపు, ఫిబ్రవరి, మార్చిలలో కాయలు చేతికొస్తాయి.

కాస్త చోటు చాలు

1933లో నౌకాశ్రయం ప్రారంభమయ్యాక ఊరు పెరుగుతూ వచ్చింది. 1970లలో ఉక్కు కర్మాగారం కోసం గాజువాక దాపున ఎన్నో పల్లెలు ఖాళీ అయ్యాయి, పొలాలు పోయాయి. ఇప్పుడు చాలా ఇళ్లకు మిగిలింది ప్రహరీ పక్కన నాలుగడుగుల నేల, లేదంటే డాబా. గుమ్మడికి అదీ చాలు. వేరు ఒక్కచోట ఉంటే తీగ తన దారి తాను చూసుకుంటుంది.

నేలలో అయితే అడుగున్నర లోతు గుంత తీసి, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. పైన కొద్దిగా మట్టి ఎగదోసి దిబ్బలా చేస్తే వాననీరు నిలవదు. అంగుళం లోతులో మూడు విత్తనాలు వేసి, మొలిచాక బలమైన ఒకదాన్ని ఉంచాలి. డాబా మీద పెద్ద డ్రమ్ము కావాలి. చిన్న కుండీలో తీగ సాగుతుంది కానీ కాయ నిలవదు. సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్లలో ఉప్పుగాలికి ఆకులు మాడతాయి, గోడ చాటున పెట్టుకోవాలి. చిన్న కుటుంబాలకు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క చందన్‌ నప్పుతుంది. కాయ రెండు మూడు కిలోలు తూగుతుంది.

పిందె ఎందుకు రాలుతుంది?

చాలామంది ఫిర్యాదు ఇదే. మందు లోపం అనుకుని ఏవేవో చల్లేస్తారు. నిజానికి పిందెకు పుప్పొడి అందకపోతే పసుపురంగుకు తిరిగి రాలిపోతుంది. పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని పూట గడవక ముందే ముడుచుకుంటుంది. పై అంతస్తుల్లో తేనెటీగలు తక్కువ. కాబట్టి ఉదయం ఆరు, తొమ్మిది గంటల మధ్య మగపువ్వు తుంచి, రేకలు తీసేసి, లోపలి పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. అడుగున బుల్లి కాయ ఉంటే ఆడపువ్వు, సన్నటి కాడే ఉంటే మగపువ్వు.

గొబ్బెమ్మకు పెట్టడానికీ మగపువ్వే కోయాలి. తేనెటీగల కోసం రెండు మూడు తీగకే వదిలితే పండగ ముచ్చటా తీరుతుంది, కాయకూ లోటుండదు. మిగిలిన పూలను వృథా చేయనక్కర్లేదు. ఒడియా, బెంగాలీ ఇళ్లలో ఇవి పిండిలో ముంచి వేయించుకునే ఇష్టమైన వంటకం. లేత ఆకులూ కూరకు పనికొస్తాయి.

లేత మొక్క ఆకులను తొలిచే ఎర్ర పెంకుపురుగుల్ని పొద్దున్నే చేత్తో ఏరేయవచ్చు. పండు ఈగ కుట్టకుండా పిందెకు కాగితం సంచి తొడగాలి. రాలిన కాయలను లోతుగా పాతెయ్యాలి. ఆకుల మీద తెల్లటి బూడిద కనిపిస్తే గంధకం పొడి చల్లకండి, ఆకులు మాడిపోతాయి. ముదురు ఆకులు తీసేసి గాలి ఆడనిచ్చి, నీళ్లు మొదట్లోనే పోయండి.

తొడిమ ఎండి గట్టిపడి, తొక్కలో గోరు దిగకపోతే తీపి గుమ్మడి కోతకు వచ్చినట్టే. రెండంగుళాల తొడిమ ఉంచి కోస్తేనే నిల్వ ఉంటుంది. బూడిద గుమ్మడికైతే ఒంటినిండా తెల్లటి పొడి పట్టాలి. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నది ఆ పొడి భయంతోనే కదా!

కొత్త క్యాలెండరు రాగానే ముందు దసరా ఎప్పుడో చూడండి. అక్కడి నుంచి నాలుగు నెలలు వెనక్కి లెక్కపెట్టి ఒక గుర్తు, మృగశిర దగ్గర ఒకటి, నవంబరు మొదటి వారంలో ఇంకొకటి పెట్టుకోండి. ఆ మూడు తేదీలు తప్పకపోతే చాలు, మిగతా సంగతి తీగ చూసుకుంటుంది.