తేదీ లేని టాంకీ

మా అన్న ఆదోనిలో కంప్రెసర్లు బాగుచేస్తాడు. నేను ఎమ్మిగనూరులో కాలేజీ పిల్లలకు తెలుగు పాఠం చెబుతాను. రెండు వూళ్లకూ మధ్య దూరం సుమారు ముప్పై కిలోమీటర్లు. మా ఇద్దరి పనులకూ మధ్య దూరం అంతకన్నా చాలా ఎక్కువని నేను చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకం ఎలా పోయిందో చెప్పటానికే ఇది రాస్తున్నాను.

మా నాన్న మగ్గం నేసేవాడు. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన చేనేత సహకార సంఘాన్ని ఆసరా చేసుకుని బతికిన కుటుంబాల్లో మాదొకటి. మగ్గం కూడు పెట్టలేని రోజులు వచ్చాక అన్న పదో తరగతితో చదువు మాని, ఆదోనిలో ఒక మెకానిక్కు దగ్గర పనికి చేరాడు. అతను మానుకున్న చదువునే నేను చదివాను. ఈ మాట మొదటే చెప్పుకోవటం న్యాయం.

ఆదోని ప్రాంతంలో కంప్రెసరుకు పని ఎప్పుడూ వుంటుంది. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు అందని పొలాల్లో, బోరులో నీరు తక్కువైతే కొందరు రైతులు లోపలికి మోటారు దింపరు. గట్టున కంప్రెసరు పెట్టి, సన్నని గొట్టంగుండా గాలిని బోరు అడుగుకు పంపుతారు. గాలి కలిసిన నీరు తేలికై పైకి వస్తుంది. కరెంటు ఎక్కువ కాలుతుంది, నీళ్లు తక్కువ వస్తాయి. అయినా బోరులోపల తిరిగే భాగం, అరిగే భాగం ఏదీ వుండదు గనుక, కొంచెం కొంచెంగా వూరే నీటికి అదే ఆధారం. ఇక పత్తి మార్కెట్టు సాగే రోజుల్లో లారీల టైర్లకు గాలి కావాలి. బోరు దగ్గరైనా, టైర్ల దగ్గరైనా యంత్రం ఒకే జాతిది.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. అందుకని పెద్ద సిలిండరులో ఒకసారి నొక్కి, మధ్య గొట్టంలో చల్లార్చి, చిన్న సిలిండరులో మళ్లీ నొక్కుతారు. చల్లారిన గాలిలోని తేమ నీరై టాంకీ అడుగున చేరుతుంది. రోజూ అడుగు కుళాయి విప్పి ఆ నీటిని వదలాలి. వదలకపోతే ఇనుము లోపలినుంచి తుప్పుపట్టి పలచబడుతుంది. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే వుంటుంది. తగని నూనె పోస్తే వాల్వు పలకలమీద మసి కడుతుంది. పలక సరిగా మూసుకోక, నొక్కిన వేడిగాలి వెనక్కి వస్తుంది. వేడి ఇంకా పెరుగుతుంది. అన్న ఆ మసిని వేలితో నలిపి నూనె సంగతి చెబుతాడు. చప్పుడు విని ఏ పలక విరిగిందో చెబుతాడు.

2012 చివర, పత్తి దిగే కాలం. నేను అనంతపురంలో ఎం.ఏ. చదువుతూ, ఫీజు డబ్బుకోసం అన్న దగ్గరికి వచ్చాను. లారీలకు టైర్లు కట్టే ఒకచోట కంప్రెసరు చెడిందని కబురొస్తే, నన్నూ వెంటబెట్టుకు పోయాడు. అక్కడ స్విచ్చి పాడై, ప్రెషరు నిండినా మోటారు ఆగటం లేదు. పది కేజీలు దాటినప్పుడల్లా సేఫ్టీ వాల్వు లేచి గాలిని బయటికి వదిలేస్తోంది. కొత్త స్విచ్చి రావటానికి రెండు రోజులు పడుతుంది.

“అంతవరకూ ఆ వాల్వు పీకేసి బోల్టు బిగించు. కరెంటు దండగైతాంది,” అన్నాడు యజమాని.

“మనిషిని పెట్టి చేత్తో ఆపించుకోన్నా, రెండు దినాలే గదా. వాల్వు మాత్రం నేను మూయను,” అన్నాడు మా అన్న.

యజమాని అతనికి వెనకటి బాకీ కూడా ఇవ్వలేదు. అందులోనే నా ఫీజు వుంది. దారిపొడుగునా నేను అన్నను దెప్పాను. “బోల్టు బిగిస్తే నీదేం పోయింది? టాంకీ నీదా?” అన్నాను. ఎం.ఏ. చదివే తెలివి నాచేత ఆ మాట అనిపించింది.

అన్న మారు పలకలేదు. షెడ్డుకు వచ్చాక మూలనున్న పాత టాంకీ ముక్కను నా ముందుకు లాగాడు. అడుగుభాగం కోసి వుంది. పైన నీలిరంగు చెక్కు చెదరలేదు. లోపల ఇనుము పొరలు పొరలుగా లేచి, ఒకచోట రేకంత మందమే మిగిలింది.

“ఆ టాంకీ పక్కనే గాలి కొట్టే పిల్లోడు కూసోనుంటాడు. వాని వయసెంతో సూసినావా?” అని అడిగాడు.

నేను చూడలేదు. ఆ కుర్రవాడు నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు; అయినా నేను చూడలేదు.

టాంకీ గట్టిదనాన్ని గాలితో కాక నీళ్లతో ఎందుకు పరీక్షించాలో కూడా అన్న ఆ సాయంత్రమే చెప్పాడు. నీరు నొక్కుడుకు లొంగదు. నీళ్లు నింపిన టాంకీ చిట్లితే, సాధారణంగా నీరు కారి ప్రెషరు పడిపోతుంది. నొక్కిన గాలి అట్లా కాదు. అది దాచుకున్న బలాన్నంతా ఒక్కసారిగా విడుస్తుంది. టాంకీ బాంబు అవుతుంది.

ఆ యేడే లండన్ ఒలింపిక్సులో, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కంచు పతకం గెలిచాడు. మా హాస్టలంతా సంబరపడ్డాం. ఆ పోటీల్లో వాడే తుపాకి గొట్టం కింద చిన్న గాలి సిలిండరు వుంటుందనీ, అందులో రెండువందల బార్ దాకా, అనగా టైర్ల షాపు టాంకీకి సుమారు ఇరవై రెట్లు, ప్రెషరు వుంటుందనీ తరువాత తెలుసుకున్నాను. దాన్ని నింపే కంప్రెసరుకు కూడా శత్రువులు అవే: వేడి, తేమ, తగని నూనె, అరిగిన రింగులు. కాని ఆ సిలిండరుకు ఒక తేదీ వుంది. తయారై పదేళ్లు దాటితే దాన్ని పోటీలో వాడరాదని అంతర్జాతీయ షూటింగు సమాఖ్య నియమం పెట్టింది. మంచి నియమమే. ఆటగాడి ప్రాణానికి విలువ ఇవ్వవలసిందే. మరి ఆ పిల్లవాడి పక్కనున్న టాంకీకి తేదీ ఎందుకు లేదు?

చట్టం లేక కాదు. సురక్షితమైన హద్దును ప్రెషరు మించకుండా చూడాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షనులోనే రాశారు. అయితే అదే చట్టం, కరెంటుతో నడిచేచోట పదిమంది పనివాళ్లుంటేనే దాన్ని ఫ్యాక్టరీ అన్నది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడు ఆ పదిని ఇరవై చేసింది. టైర్ల షాపులో వున్నది నలుగురు. ప్రెషరు తలలు లెక్కపెట్టి పేలదు. చట్టం మాత్రం తలలు లెక్కపెట్టిగాని లోపలికి రాదు. ఆ యజమాని రాక్షసుడేమీ కాదు, అప్పుల్లో వున్నవాడే. అతని మంచితనానికీ, ఒక మెకానిక్కు మొండితనానికీ పిల్లవాడి ప్రాణాన్ని వదిలిపెట్టిన ఏర్పాటు గురించే నా ఫిర్యాదు.

సాహిత్యం చదువుకున్న మనకు కూడా ఇందులో భాగం వుంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన మాండలిక వృత్తి పదకోశం 1962లో వ్యవసాయం మాటలతో, 1971లో చేనేత మాటలతో వచ్చింది. మా నాన్న పనికి సంబంధించిన మాటలకు అట్లా గౌరవం దక్కింది. అన్న షెడ్డులో పుట్టిన మాటలను నేనే ఏనాడూ రాసిపెట్టలేదు. మాట తెలియనివాడికి మనిషి కూడా కనిపించడు. నాకు ఆ కుర్రవాడు కనిపించనట్టే. ఈ యేడు మా విద్యార్థులను తమ ఇళ్లలోని పనిమాటలు రాసి తెమ్మన్నాను. తరగతిలో సగంమందికి అన్నో మామో ఏదో ఒక షెడ్డులో వున్నారని అప్పుడు తెలిసింది.

అన్న ఇప్పుడు తాను నీళ్లతో పరీక్షించిన ప్రతి టాంకీమీదా తెల్లరంగుతో తేదీ వేస్తున్నాడు. అక్షరాలు వంకరగా వుంటాయి. ఆ తేదీ వేసే అధికారం అతనికెవరూ ఇవ్వలేదు. దానికింద సంతకం పెట్టవలసినవాళ్లు మాత్రం ఇంకా రాలేదు. వాళ్లను రప్పించటం అతనొక్కడివల్ల అయ్యే పని కాదు.