రోహిణి కార్తెలో అనంతసాగరం

రోహిణి కార్తెలో నెల్లూరు జిల్లా పడమటి సీమకు షికారు బయలుదేరిన మనిషిని చూచి నలుగురూ జాలిపడితే అందులో వారి తప్పేమీ లేదు. ఆత్మకూరులో బస్సు దిగి, అనంతసాగరం బస్సు కోసం వేపచెట్టు కింద నిలబడినప్పుడు నా మీద నాకే జాలి వేసింది. రోళ్ళు పగిలే ఎండలంటారే, అవి. పడమటి గాలి కొలిమి తిత్తిలోనుంచి వచ్చినట్టు ముఖాన కొడుతున్నది.

"మామిడిపళ్ళ కోసమైతే కబురు చేస్తే పంపించేవాణ్ణి కదయ్యా, ఈ ఎండలో నీవు రావడమెందుకు?" అన్నాడు మా బావ, గుమ్మంలోనే చెంబుతో నీళ్ళందిస్తూ.

"ఎండ కోసమే వచ్చాను బావా" అన్నాను.

అక్క ఒక్క క్షణం నా వంక చూచి, మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది. డెబ్బై దాటిన తమ్ముడికి వడదెబ్బ తగిలిందని అనుకున్నది కాబోలు.

నేను చెప్పినది నిజమే. ఎండ లేనిదే ఆకాశంలో మెట్లు ఉండవు. ఆ మెట్లు ఎక్కేవాళ్ళను చూడాలంటే అనంతసాగరం చెరువుగట్టు కంటె మంచి చోటు నాకు తెలియదు. ఎదుట పెద్ద చెరువు, పడమట వెలుగొండల వరుస, ఉత్తరాన కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలిచిన ఉదయగిరి దుర్గం వైపు సాగిపోయే కొండలు. దుర్గం చరిత్ర తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. దాని మీద ఎగిరే గద్దల చరిత్ర వ్రాసినవాళ్ళు లేరు.

పదిన్నర వేళకు మా అక్క మనుమరాలు చిన్నిని వెంటబెట్టుకొని గట్టు మీదికి పోయాను. అప్పటికే రెండు గద్దలు లేచాయి. కాసేపటికి ఎనిమిదయ్యాయి. ఒక్కటీ రెక్క ఆడించదు. గానుగెద్దులాగా గుండ్రంగా తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ ఇంత ఎత్తున పైకి పోతూ, చివరకు చుక్కలైపోయాయి.

"రెక్కలు కొట్టకుండా ఎట్లా పోతుండాయి తాతయ్యా?" అన్నది చిన్ని.

నేల అంతా ఒకే తీరుగా వేడెక్కదని చెప్పాను. చెరువు నీళ్ళు చల్లగా ఉంటాయి. పక్కనే ఎండిన చేను, రాతిగుట్ట, ఊళ్ళో కప్పులు కాలిపోతుంటాయి. వాటి మీది గాలి వేడెక్కి, తేలికపడి, పొయ్యి మీది పొగలాగా పైకి లేస్తుంది. ఆ లేచే గాలిలో నిలిచి చుట్టూ తిరిగితే చాలు, అది ఎత్తుకొని పోతుంది. గద్దకు ఈ సంగతి పుట్టుకతో తెలుసు. మనిషికి తెలియడానికి వేల ఏళ్ళు పట్టింది. తెలిసిన తరువాత మనిషి ఊరుకోలేదు, పందెం వేశాడు.

ఇంజను లేని విమానాలకు పందెమేమిటని మీకు అనిపించవచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీకి ఇంజను విమానాల మీద సంధి షరతులు అడ్డువచ్చాయి. అక్కడి కుర్రకారు 1920లో వాసర్‌కుప్పె అనే కొండ మీద చేరి గ్లైడర్లతో పోటీలు మొదలుపెట్టారు. ఆ ఏడాది గాలిలో నిలిచినది నిమిషాల లెక్క. రెండేళ్ళు తిరిగేసరికి, 1922లో, గంట దాటారు. 1926 ఆగస్టులో మాక్స్ కెగెల్ అనే ఆయనను ఉరుములమబ్బు ఒకటి అమాంతం లోపలికి లాక్కొని, ఎక్కడికో ఎత్తి, 55 కిలోమీటర్ల అవతల దింపింది. అది అప్పటికి గొప్ప దూరం. ఆయనకు 'ఉరుముల మాక్స్' అనే పేరు స్థిరపడింది. ప్రాణంతో దిగాడు కాబట్టి పేరు మిగిలింది సుమండీ.

ఇప్పటి పందేలలో ముందుగా ఒక దారి గీసి ఇస్తారు. ఫలానా ఊరు, అక్కడినుంచి ఫలానా వంతెన, మళ్ళీ బయలుదేరిన చోటికి. కొన్ని వందల కిలోమీటర్లుంటుంది. ఎవరు ముందు చుట్టి వస్తే వారిది గెలుపు. మలుపు దగ్గరకు వెళ్ళినట్టు రుజువుకు పూర్వం ఫోటో తీసుకొని రావలసి ఉండేది. ఇప్పుడు ఉపగ్రహాల సాయంతో పనిచేసే పెట్టె ఒకటి దారంతా నమోదు చేస్తుంది. మంచి గ్లైడరు 1000 మీటర్ల ఎత్తునుంచి, నిశ్చలమైన గాలిలో, 40 కిలోమీటర్ల దూరం జారిపోగలదు. మేము నేర్చుకున్న పాత రకాలు అందులో సగం పోతే గొప్ప.

చిక్కంతా ఎక్కడ ఆగాలన్న దాంట్లోనే ఉంది. వేసవిలో నడిచిపోయేవాడు కనబడిన ప్రతి చలివేంద్రం దగ్గరా ఆగితే ఊరు చేరేసరికి చీకటి పడుతుంది. ఎక్కడా ఆగనివాడు దారిలో సొమ్మసిల్లుతాడు. ఏ గాలిలో తిరిగి ఎత్తు సంపాదించుకోవాలి, ఏ గాలిని వదిలేసి ముందుకు దూకాలి అన్న లెక్కను పాల్ మెక్‌క్రీడీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు తేల్చి, ఎక్కుడు దిగుడు చూపే ముల్లు చుట్టూ తిరిగే ఉంగరం ఒకటి అమర్చుకున్నాడు. 1956లో ఫ్రాన్సులోని సెంత్‌యాఁలో జరిగిన ప్రపంచపోటీ గెలిచాడు. తరువాత 1977లో మనిషి కాళ్ళతో తొక్కి నడిపే విమానం చేసి చూపించినవాడూ ఆయనే. ఈనాటికీ ప్రపంచమంతటా గ్లైడరు పందెగాళ్ళు ఆయన లెక్కతోనే ఎగురుతున్నారు.

మన దేశంలో 1950లో పూనా దగ్గర హడప్సర్‌లో ప్రభుత్వం గ్లైడింగు కేంద్రం పెట్టింది. ఉద్యోగరీత్యా ఆ ప్రాంతంలో ఉన్న రోజుల్లో నేను మొదటిసారి ఆకాశం చూచినది అక్కడే. మన వాళ్ళు తయారుచేసిన గ్లైడర్లకు పెట్టిన పేర్లు వింటే మీకు ముచ్చట వేస్తుంది. అశ్విని, రోహిణి, కార్తీక్, మృగశీర్ష, ఆర్ద్ర. నక్షత్రాల పేర్లు! వాటిలో కొన్నింటికి రూపకర్త ఎస్. రామామృతం గారు. రోహిణి 1961లో మొదటిసారి ఎగిరింది. గురువూ శిష్యుడూ పక్కపక్కన కూర్చునే గ్లైడరు. రోహిణిలో ఎండ, మృగశిరలో చినుకు, ఆర్ద్రలో వాన అని లెక్కపెట్టుకొనే మన రైతు వింటే, ఇవి విమానాల పేర్లా, పంచాంగమా అని అడుగుతాడు.

మరునాడు సోమశిల చూడాలని చిన్ని పేచీ పెట్టింది. పెన్న వెలుగొండలను చీల్చుకొని మైదానంలోకి వచ్చే చోట కట్టిన ఆనకట్ట అది; 78 టి.ఎం.సి.ల జలాశయం. ఆ ఎండల్లో నీరు బాగా వెనక్కు పోయి, ఒడ్డంతా నెర్రెలు విచ్చి ఉన్నది. చేపలు పట్టేవాళ్ళ పుట్టీలు నాలుగైదు బోర్లించి ఉన్నాయి. పూర్వం వెదురు అల్లి తోలు కట్టేవారు, ఇవి ఫైబరువి. ఒకతను వల బాగుచేసుకుంటున్నాడు. నలభై ఏళ్ళుంటాయేమో.

"పాపను అట్లా ఒక చుట్టు తిప్పి తీసుకొస్తావా? మూడు వందలిస్తాను" అన్నాను.

అతను తల ఎత్తి నా వంక చూడలేదు. కొండ వంక చూచాడు.

"ఇప్పుడు వద్దులే సామీ. ఒక గంట ఆగండి."

నాకు నవ్వు వచ్చింది. ఆకాశం గురించి నాకు చెప్పేవాడొకడా! "చూడవయ్యా, గద్దలెంత చక్కగా లేస్తున్నాయో. ఇంత మంచి గాలి ఏడాదికి నాలుగు రోజులుండదు" అన్నాను, పూర్వపు పైలట్ల ధోరణిలో.

"లేస్తుండాయి. తిరగటం లేదు చూడండి" అన్నాడతను.

చూచాను. వీపు మీద చల్లగా ఏదో పాకినట్టయింది. నిజమే, గద్దలు గానుగ తిరగడం లేదు. రెక్కలు చాచి నిలువునా, ఎవరో పైనుంచి దారం పెట్టి లాగినట్టు పోతున్నాయి. ప్రొద్దుటినుంచి వీస్తున్న పడమటి గాలి ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించనేలేదు. కొండ అంచు మీద, కాలీఫ్లవరు పువ్వులాగా, తెల్లటి మబ్బుతల ఒకటి తొంగిచూస్తున్నది. దాని కింద ఎంత నలుపున్నదో కొండ అడ్డం వచ్చి కనబడటం లేదు.

ఈ దృశ్యం నేను ఒకసారి చూచాను. యాభై ఏళ్ళ కిందట.

అది హడప్సర్ కాదు. మరొక చోటు, పేరు అక్కర లేదు. వానలకు ముందు మూడు వారాలున్నాయి. నేనూ, ఒక మరాఠీ మిత్రుడూ పందెం వేసుకున్నాము. చెరో గ్లైడరులో పన్నెండు కిలోమీటర్ల అవతల చెరువు దాకా పోయి రావడం. ఓడినవాడు గెలిచినవాడికి భోజనం పెట్టడం. చెరువు ఇంకా కొంత దూరం ఉండగా దాని వెనక మబ్బు కనబడింది. మిత్రుడు నాకంటె ముందున్నాడు. ఉన్నట్టుండి అతను రెక్కలు అటూ ఇటూ ఊపి నాకు సైగ చేసి, వెనక్కు తిరిగిపోయాడు. పిరికివాడనుకున్నాను. ఎందుకంటే నా ముల్లు పైకి పోయి చివర తగులుకొని కొట్టుకుంటున్నది. తిరిగే పని లేదు, ఎటు పోయినా ఎత్తే! అంతటి గాలి నా జన్మలో చూడలేదు.

ఉరుములమబ్బు చేసే మాయ అది. తన ముందరి వేడిగాలిని మూరెడు మూరెడుగా మింగుతూ వస్తుంది; ఆ మింగుడులో పడినవాడికి స్వర్గం దొరికినట్టుంటుంది. తరువాత వాన బరువుతో చల్లగాలి కిందికి కూలి, నేలను తాకి, ముందుకు పొర్లుతుంది. నేను చెరువు మలుపు తిరిగి ఇంటి ముఖం పట్టేసరికి ఆ పొర్లుడు నన్ను అందుకున్నది. ముల్లు కింది చివరకు పోయింది. మైదానం కనబడుతూనే ఉంది, అందదు. చివరకు ఒక దున్నిన చేలో దిగాను. దిగడం బాగానే దిగాను. గాలి కుడిరెక్కను ఎత్తి పక్క గట్టుకు వేసి కొట్టింది.

వానలో గంటన్నర రెక్క మీద పడుకొని దాన్ని ఎగిరిపోకుండా పట్టుకున్నాను. మిత్రుడు జీపులో వెతుక్కుంటూ వచ్చాడు. ఒక్క మాట అనలేదు. ఫ్లాస్కులోనుంచి టీ పోసి ఇచ్చాడు. ఆ గ్లైడరు బాగుపడేసరికి వానలు దిగాయి. దాని మీద వంతుల కోసం రాసుకున్న తొమ్మిది మంది కుర్రవాళ్ళకు ఆ ఏడు ఎగిరే యోగం లేకపోయింది. వాళ్ళు నన్ను ఏమీ అనలేదు; హ్యాంగరులో నేను పోతే మాట మానేసి ఊరుకునేవారు. అదే బాధగా ఉండేది.

ఇదంతా ఇక్కడ వ్రాయడానికి ఇంత సేపు పట్టింది గాని, సోమశిల ఒడ్డున నాకు తట్టడానికి రెప్పపాటు చాలింది. పుట్టీ అతను అప్పటికే వల చుట్టేశాడు. "పాపను ఇటు రమ్మనండి" అని, ఒక పుట్టీని లేపి బండరాయికి ఆనించి గొడుగులాగా నిలబెట్టాడు. ముందుగా చల్లటి గాలి మా కాళ్ళ దగ్గర తగిలింది. తరువాత ఒడ్డునున్న దుమ్మంతా గోడలాగా లేచి మా మీదికి వచ్చింది. నీళ్ళ మీద అంతవరకూ అద్దంలాగా ఉన్న చోట తెల్లటి నురుగులు. ఆ నడుమ, మూడు వందల రూపాయలకు, ఒక ముసలివాడూ ఒక ఎనిమిదేళ్ళ పిల్లా ఉండవలసినది.

ముగ్గురమూ పుట్టీ నీడలో ముడుచుకొని కూర్చున్నాము. వాన చినుకులు పైన డప్పు వాయించాయి. కాసేపు వడగళ్ళు కూడా పడ్డాయి. చిన్ని భయపడకుండా ఉండాలని కథ చెప్పడం మొదలుపెట్టాను. నాకు వచ్చిన కథలన్నీ గాలివే. 1954లో ఇంగ్లండులోని క్యాంప్‌హిల్‌లో ప్రపంచపోటీ పెడితే, వానా కిందికి దిగిన మబ్బులూ కలిసి రోజుల తరబడి పందెగాళ్ళను డేరాల్లో కూర్చోబెట్టిన వైనం చెప్పాను. దేశదేశాలనుంచి వచ్చినవాళ్ళు తడిసిన గడ్డి చూస్తూ కూర్చున్నారంటే చిన్ని నవ్వింది. 1948లో స్విట్జర్లండు కొండల్లో సమెదాన్‌లో జరిగిన పోటీ చెప్పలేదు. అక్కడ ఇద్దరు బ్రిటిషు పైలట్లు పోయారు. ఒకరు మబ్బులో కొండను ఢీకొన్నారు, మరొకరి గ్లైడరు తీగకు తగిలింది. పిల్లలకు చెప్పే కథ కాదు.

పుట్టీ అతను మాత్రం నా పందెం కథ అంతా విన్నాడు. విని, "ఇంతకీ అన్నం ఎవరు పెట్టినారు?" అని అడిగాడు.

"నేనే. చెరువు చుట్టి వచ్చినవాణ్ణి నేనే కదా అని వాదించాను. ఇంటికి చేరినవాడు వాడేనని మిగతావాళ్ళు తీర్పు చెప్పారు" అన్నాను.

అతను తల ఊపాడు. "మా నాయన కూడా తిట్టేవోడు సామీ. చేపలు బాగా పడతాండే రోజే ఒడ్డు చూసుకోమనేవోడు" అన్నాడు.

ముప్పావుగంటలో వాన వెలిసింది. మట్టి వాసన కమ్ముకున్నది. నేను మూడు వందలూ తీసి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఎక్కనిదే డబ్బులెందుకన్నాడు. చివరకు చిన్ని చేతిలో పెట్టి ఇప్పిస్తే వంద తీసుకొని, రెండు వందలు తిరిగి ఆ పిల్లకే ఇచ్చేశాడు. "రేపు పొద్దున్నే ఆరింటికి రా పాపా, తిప్పుతా" అన్నాడు.

తిరిగి వచ్చే దారిలో, కరెంటు స్తంభాల మీద గద్దలు తడిసిన రెక్కలు జార్చుకొని కూర్చుని ఉన్నాయి. చిన్ని వాటిని ఊరు వచ్చేదాకా లెక్కపెట్టింది. పదకొండు. ఇంటికి పోగానే అక్క మా తడిబట్టలు చూచి నన్నే తిట్టింది. మరునాడు అయిదున్నరకు చిన్ని నన్ను లేపింది.