ఇక్కడ ఉరుములు

ఎడిసన్‌లో మా ఇంటి నుంచి ఆఫీసుకి నలభై నిమిషాలు. దారంతా కారులో 105.9 మోగుతూనే ఉంటుంది. న్యూయార్కు వాళ్ళ డబ్ల్యూక్యూఎక్స్ఆర్, 1936లో మొదలైన శాస్త్రీయ సంగీతపు స్టేషను. పాశ్చాత్య సంగీతంలో నేనింకా గుమ్మం దగ్గరే నిలబడ్డవాణ్ణి. ముప్పై ఏళ్ళుగా వింటున్నా లోపలికి వెళ్ళి కూర్చునే చనువు రాలేదు. అయినా వింటాను.

ఏడాది చివర వాళ్ళు శ్రోతల చేత ఓట్లు వేయిస్తారు. మీకు అన్నిటికంటే ఇష్టమైన రచన ఏది అని. వచ్చిన ఓట్లను బట్టి కింది నుంచి పైకి ఒక్కొక్కటే వినిపిస్తూ డిసెంబరు 31కి మొదటి స్థానానికి చేరతారు. అక్కడ కూర్చునేది చాలా ఏళ్ళుగా బేతోవెన్ తొమ్మిదో సింఫనీయే. ఫలితం ముందే తెలిసిన ఎన్నికన్నమాట. జనం మాత్రం మానకుండా ఓట్లేస్తారు. నేనూ ఒకసారి వేశాను. దేనికి వేశానని మాత్రం అడక్కండి, గుర్తులేదు.

ఓట్లకంటే నాకు నచ్చేది ఇంకొకటుంది. 'పెర్ఫార్మెన్స్ టుడే' అనే కార్యక్రమంలో బ్రూస్ అడాల్ఫ్ అనే స్వరకర్త వారానికోసారి ఒక పొడుపుకథ వేస్తాడు. అందరికీ తెలిసిన పాటనే తీసుకుని, దానికి షోపానో, బ్రామ్సో వేషం కట్టి పియానో మీద వాయిస్తాడు. లైన్లో ఉన్న శ్రోత ఆ పాటేదో, ఆ వేషం ఎవరిదో చెప్పాలి. ఒకరోజు ఒకావిడ పాట పట్టుకుంది గానీ వేషం దగ్గర తడబడింది. "అయ్యో, నోటిదాకా వచ్చిందే" అని ఆవిడ ఇంగ్లీషులో వాపోతుంటే నాకు పూళ్ళలో మా నాన్నగారి గొంతు వినిపించింది.

పూళ్ళ అంటే ఏలూరుకీ తాడేపల్లిగూడేనికీ నడుమ, రైలుకట్ట పక్కనున్న ఊరు. దక్షిణంగా పోతే పొలాలు, ఆ తరవాత చెరువుగట్లు, ఆ పైన కొల్లేరు. మా నాన్నగారు బడిపంతులు. ఇంట్లో తోలు తొడుగున్న ఫిలిప్స్ రేడియో ఉండేది. మీడియం వేవ్‌లో 837 దగ్గర విజయవాడ కేంద్రం. ముల్లు అక్కడి నుంచి కదిలితే నాన్నగారు ఊరుకునేవారు కాదు. వయొలిన్ కచేరీకి అన్నవరపు రామస్వామి గారి పేరు చెప్పగానే, "మన సోమవరప్పాడు ఆయనే" అనేవారు, ప్రతిసారీ, మాకు తెలియనట్టు. సోమవరప్పాడు ఏలూరు పక్కనే. రామస్వామి గారు 1948లో విజయవాడ కేంద్రం పెట్టినప్పటి నుంచీ అక్కడే వాయించారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి నాన్నగారు లేరు.

రేడియో పెట్టడం ఆలస్యమైతే రాగం పేరు దాటిపోయేది. ఇక పందెం మొదలు. నాన్నగారు కాంభోజి అంటే అక్క హరికాంభోజి అనేది. పాట అయ్యాక అనౌన్సరు మళ్ళీ చెప్పేదాకా ఎవరూ లేవకూడదు. గెలిచినవాళ్ళకి పెరుగు మీద మీగడ. నాకు రాగాలు తెలియకపోయినా అక్క పక్షాన ఉండేవాణ్ణి, మీగడలో వాటా ఇస్తుందని.

ఆ రోజుల్లో శ్రోతల కోసం అని పేరుపెట్టి వచ్చేవీ ఉన్నాయి. జాబులు-జవాబులు ఉండేది. కాకరపర్రు నుంచి వెళ్ళిన ఉషశ్రీ గారి ధర్మసందేహాలు ఉండేది. జనం పోస్టుకార్డుల మీద సందేహాలు రాస్తే ఆయన గొంతు సవరించుకుని సమాధానం చెప్పేవారు, అవసరమైతే మందలించేవారు కూడా. మా నాయనమ్మ నా చేత పదిహేను పైసల కార్డు ఒకటి రాయించింది. ప్రశ్న ఏమిటో మరిచిపోయాను. అక్షరం కుదురుగా లేదని రెండో కార్డు కొనిపించి మళ్ళీ రాయించడం మాత్రం మరవలేదు.

కానీ మా ఇంట్లో అసలు హడావుడి సంగీత శిక్షణకి. వోలేటి వేంకటేశ్వర్లు గారిలాంటి విద్వాంసులు రేడియోలో పాఠం చెప్పేవారు. ఎంత పెద్ద గొంతో అంత ఓపిక. గురువు ఒక ముక్క పాడతారు. స్టూడియోలో శిష్యులు ఆ ముక్కే తిరిగి పాడతారు. ఆ తిరిగి పాడే వ్యవధిలోనే మా అక్క కూడా పాడేది. అమ్మ రుబ్బురోలు ఆపేసేది. అక్క నేల మీద బాసింపట్టు వేసుకుని, నేను వాడి పారేసిన లెక్కల పుస్తకంలో మిగిలిన పేజీల మీద పెన్సిలుతో స్వరాలు రాసుకునేది. తారస్థాయికి పైన చుక్క, మంద్రానికి కింద చుక్క. గమకానికి ఆవిడే ఒక గుర్తు కనిపెట్టింది, పాకే పురుగులా వంకర గీత. పాడుతూ రాయడం కుదరదు. రాస్తే పాట పోతుంది, పాడితే రాత పోతుంది. అందుకని మొదటిసారి పాడి, రెండోసారి రాసేది. మూడోసారి గురువు పాడకపోతే ఆ వారమంతా మొహం ముడుచుకుని తిరిగేది.

అక్క పాడింది విజయవాడకి ఒక్కనాడూ వినపడలేదు. ఎవరూ ఆమె పేరు చదవలేదు. పాఠం మధ్యలో గురువు ఆగినప్పుడల్లా ఆ ఖాళీ తనకే వదిలారని ఆవిడ నమ్మకం. నిజానికి వదిలింది తనకే కదా. ఇప్పుడు "మీరూ పాల్గొనండి" అంటూ ఫోన్లు చేయించి, "మీరెక్కడి నుంచి, ఏం చేస్తుంటారు, మీవారికి ఏ పాట అంకితం" అని అడిగే కార్యక్రమాలు వింటే, మనిషిని పలకరించారు గానీ పాటకి దగ్గర చేయలేదనిపిస్తుంది. ముసలివాడి సణుగుడు అనుకోండి, ఒప్పుకుంటాను.

వరాళి కథ చెప్పాలి. అక్క శనివారాలు రైలెక్కి ఏలూరు వెళ్ళి పవరుపేటలో ఒక మేష్టారి దగ్గర నేర్చుకునేది. త్యాగరాజ పంచరత్నాల్లో నాట, గౌళ, ఆరభి అయ్యాయి. నాలుగోది వరాళి. మేష్టారు దాన్ని దాటేసి శ్రీరాగానికి వెళ్ళిపోయారు. వరాళి ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే గురుశిష్యులకి ఎడబాటు వస్తుందని సంగీతలోకంలో పాత నమ్మకం. "అది విని నేర్చుకోవాల్సిందేనమ్మా" అన్నారట. ఎక్కడ వినాలి? పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారు ఆరాధన నుంచి ఆకాశవాణి పంచరత్నాలు ప్రత్యక్షంగా వినిపిస్తుంది. అదే ఆవిడ పాఠశాల. ఏడాదికి ఒక్కటే తరగతి. తలంటుకుని, పుస్తకం తెరిచి రేడియో ముందు కూర్చునేది. వరాళి మొదలవగానే మమ్మల్ని దగ్గనిచ్చేది కాదు. నాలుగు పుష్యమాసాలు పట్టింది రావడానికి. రేడియోకి గురుశిష్యుల దోషం అంటదు కాబోలు, ఇప్పటికీ ఇద్దరికీ ఎడబాటు లేదు.

1978 నుంచీ క్లీవ్‌లాండ్‌లో జరుగుతున్న ఆరాధనకి నేనొకసారి వెళ్ళాను. అంతమందిలో నా అపస్వరం నాకే వినపడలేదు. హాయిగా ఉంది.

ఇంకొక శ్రోత ఉండేవాడు మాకు. కొల్లేటి అంచున చేపల చెరువుకి కాపలా కాసే మనిషి. కిక్కిస గడ్డి కప్పిన పాకలో అతనికి తోడు ఒక రేడియో, రాత్రంతా గూడబాతుల రెక్కల చప్పుడు. తొమ్మిదిన్నర కచేరీలు వినేవాడు. పాఠం చదువుకున్నవాడు కాదు. పొద్దున్నే దోనె వేసుకుని ఇవతలి గట్టుకొచ్చి, సైకిలు మీద బడికి పోయే నాన్నగారిని ఆపి, "మేష్టారూ, రాత్రి సన్నాయి మీద వాయించింది ఏ రాగమండీ?" అనేవాడు. పేరుతో నీకేం పనిరా అన్నారు నాన్నగారు ఒకసారి నవ్వుతూ. "పేరు తెలిస్తే ఈసారి వచ్చినప్పుడు పలకరించొచ్చు కదండీ" అన్నాడు. 2006లో ప్రభుత్వం కొల్లేటి అయిదో కాంటూరు లోపల చేపల చెరువుల గట్లు కొట్టేయించినప్పుడు ఆ పాకలు కూడా పోయాయి. అతను అప్పటికే కైకలూరు వైపు కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడని విన్నాను.

ఇప్పుడు విజయవాడ కేంద్రం నా ఫోనులో వస్తుంది. అక్కడ పొద్దున్న ఆరయితే నాకు చలికాలంలో రాత్రి ఏడున్నర, ఎండాకాలంలో ఎనిమిదిన్నర. వాళ్ళ భక్తిరంజని నాకు అన్నం వేళకొస్తుంది. 2016లో ఆకాశవాణి 'రాగం' అని ఇరవైనాలుగు గంటల శాస్త్రీయ సంగీత ఛానెలు కూడా పెట్టింది. గరగర లేదు, ఉరుముల పటపట లేదు. అక్క తాడేపల్లిగూడెంలో వాళ్ళ వంటింట్లో అదే వింటుంది. వినడమే. తిరిగి పాడే ఖాళీ వదిలేవాళ్ళు లేరని ఆవిడ ఫిర్యాదు.

పోయిన జనవరిలో వెళ్ళినప్పుడు ఆ లెక్కల పుస్తకం బయటికి తీసింది. ఒకవైపు నా కూడికలు, ఎర్రసిరా సున్నాలు. వెనకవైపు కల్యాణిలో ఒక త్యాగరాజ కీర్తన. పల్లవి పూర్తిగా ఉంది. అనుపల్లవిలో మొదటి సంగతి, అంటే ఆ పాదాన్ని మార్చి మార్చి పాడే తీరుల్లో మొదటిది, ఉంది. తరవాత రెండు గీతల జాగా ఖాళీగా వదిలి, పెన్సిలుతో రాసి ఉంది: ఇక్కడ ఉరుములు. ఆ సాయంత్రం పిడుగుల చప్పుడులో రెండో సంగతి కొట్టుకుపోయింది. మళ్ళీ వారం గురువు చరణంలోకి వెళ్ళిపోయారు. కీర్తన సాహిత్యం ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఆ సంగతి ఆయన ఆ రోజు వేసిన తీరులో ఎక్కడా దొరకదు. తేదీ వేసుకోలేదు, నేర్పిందెవరో రాసుకోలేదు.

ఇక్కడికొచ్చాక ఇంటర్నెట్లో రాత్రుళ్ళు వెతికాను. రేడియో పాఠాలు కొన్ని దొరికాయి, ఎవరో పుణ్యాత్ములు ఇళ్ళల్లో టేపు చేసి దాచుకున్నవి. ఒకదానిలో గురువు ఆగిన చోట శిష్యుల గొంతులతోపాటు టేపు చేసిన ఇంటి కుక్కరు కూత కూడా వినపడింది. మాకు కావలసిన కల్యాణి మాత్రం కాదు.

ఏలూరులోనో, గూడెంలోనో, కైకలూరులోనో మీ అటకల మీద అలాంటి క్యాసెట్లుంటే పాత సామాన్లవాడికి వేయకండి. కొల్లేటి తేమకి టేపు అతుక్కుపోతుంది, ఈ వేసవిలోనే ఎవరి చేతనైనా కంప్యూటర్లోకి ఎక్కించండి. కల్యాణి కనిపిస్తే అనుపల్లవి ఒకసారి విని చూడండి. మా అక్కకి అరవై దాటాయి. ఆ కీర్తన పాడేటప్పుడు అనుపల్లవిలో ఒక సంగతి పాడి, రెండో దాని కాలం తాళం వేస్తూ ఊరుకుని, మూడోది ఎత్తుకుంటుంది.