పది నంబరు చొక్కా ఎవరికి?

హీరోకి దెబ్బ తగిలితే షూటింగ్ ఆగిపోతుంది. ప్రొడ్యూసరు తల పట్టుకుంటాడు. డైరెక్టరు ఆ నాలుగు రోజులూ కమెడియన్ల సీన్లు లాగించేస్తాడు. కట్టు విప్పుకుని హీరోగారు సెట్లోకి రాగానే మళ్లీ 'స్టార్ట్ కెమెరా!'

ఫుట్‌బాల్‌లో ఆ సౌకర్యం లేదండీ. హీరో ఆస్పత్రి మంచం మీద ఉన్నా సరే, చెప్పిన రోజుకి, చెప్పిన వేళకి ఈల మోగాల్సిందే. పదకొండో మనిషి నిలబడాల్సిందే. ఎవరా మనిషి?

2014 జూలైలో ఈ ఒక్క ప్రశ్న మీద నేనూ, నా రూమ్మేట్లిద్దరూ నాలుగు రోజులపాటు అన్నాలు కూడా సరిగ్గా తినకుండా వాదించుకున్నాం. నాంపల్లి వెనక సందులో మా గది. ఒకడు ఇంజనీరు. ఇంకొకడు బ్యాంకు పరీక్షల కోచింగ్. నేను పత్రికలకి విడిగా రాసుకునేవాణ్ణి, అంటే ఏ నెలలో డబ్బులొస్తాయో నాకే తెలియని వాణ్ణి. ముగ్గురికీ ఉమ్మడి ఆస్తి ఒక పాత టీవీ. ముగ్గురికీ ఉమ్మడి దేవుడు నెయ్‌మార్!

ప్రపంచ కప్పు బ్రెజిల్లో. క్వార్టర్ ఫైనల్ కొలంబియాతో. అక్కడ శుక్రవారం సాయంత్రమైతే, మనకి శనివారం తెల్లవారుజామున ఒకటిన్నర. బ్రెజిల్ 2-1తో గెలుస్తోంది, ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా కొలంబియా డిఫెండర్ జునిగా మోకాలు నెయ్‌మార్ వీపులో దిగింది. కుర్రాడు పడిపోయాడు. స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. వెన్నుపూస చిట్లిందట, ఇక ఈ కప్పులో ఆడడట! మావాళ్లు సెమీఫైనల్‌కి చేరిన ఆనందం మాకు పది నిమిషాలు కూడా దక్కలేదు.

అవి రంజాన్ రోజులు. మ్యాచ్ అయ్యేసరికి మూడు దాటింది. సందు మొదట్లో ఇరానీ హోటల్ సహరీ కోసం తెరిచే ఉంది. ముగ్గురం వెళ్లి మూల బల్ల దగ్గర కూలబడ్డాం. చాయ్ వచ్చేలోపే యుద్ధం మొదలైంది.

'విలియన్‌ని దింపాలిరా' అన్నాడు ఇంజనీరు. 'ముందుకెళ్లినంత జోరుగా వెనక్కీ పరుగెత్తుతాడు. పనిమంతుడు.'

'పనిమంతుడు కాదురా కావల్సింది, మాయ చేసేవాడు!' అన్నాడు బ్యాంకువాడు. 'బెర్నార్డ్! ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు. సెమీస్ బెలో హరిజోంటెలో. వాడు ఆడి పేరు తెచ్చుకున్న ఊరే అది. సొంతూరి జనం ఈలలేస్తే వాడిక ఆగుతాడా?'

నేను మేధావిని కదా, మూడో దారి పట్టాను. 'అసలు నెయ్‌మార్ లాంటివాణ్ణి వెతకడమే తప్పు. జర్మనీ బలమంతా మధ్యలో ఉంది. పౌలిన్హోని పెట్టి మనమూ మధ్యలో మనుషుల్ని పెంచాలి' అన్నాను. ఇద్దరూ నావైపు సినిమా మధ్యలో కరెంటు తీసేసినవాణ్ణి చూసినట్టు చూశారు.

పక్క బల్ల దగ్గర ఒక చాచా సహరీ చేస్తున్నాడు. వయసులో ఉండగా సికింద్రాబాద్ మైదానాల్లో ఆడినవాడని మాకు తెలుసు. మా గోలంతా విని రొట్టె ముక్క పక్కన పెట్టి అన్నాడు:

'అంత మంచిగనే ఉన్నది బేటా. గా కెప్టెన్ గూడ ఆడడు గద? ఆయన జాగల ఎవరు?'

నిజమే! థియాగో సిల్వా. అదే మ్యాచ్‌లో కొలంబియా గోల్‌కీపరు బంతి తన్నబోతుంటే అడ్డుపడి పసుపు చీటీ తెచ్చుకున్నాడు. టోర్నీలో అది రెండోది కాబట్టి సెమీఫైనల్‌కి నిషేధం. కానీ డిఫెండర్ గురించి ఎవడు బెంగపడతాడు? 'ఎవరో ఒకరు ఉంటార్లే చాచా' అనేసి మళ్లీ నెయ్‌మార్ దగ్గరికి వచ్చేశాం.

చాచా నవ్వాడు. 'దీపం ఆరితే అందరికి ఎర్కైతది. ఎనక గోడ కూలితే తెల్లారినంక గాని తెల్వది' అని లేచి వెళ్లిపోయాడు.

ఈ చర్చ నాకు ఉత్త కాలక్షేపం కాదని ఇక్కడ మీకు చెప్పాలి. ఆ వారమే నేనూ ఒకరి జాగాలోకి దిగాను. ఒక పత్రికలో వారం వారం ఓ పేజీ రాసే పెద్దాయన స్కూటర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆయన చమత్కారానికి జనం పడి చచ్చేవారు. ఆయన వచ్చేదాకా రాయమని ఎడిటర్ నన్ను పిలిచారు. నాకు ఏనుగెక్కినట్టు అనిపించింది. రెండు రోజులు కూర్చుని అచ్చం ఆయనలాగే రాశాను. ఆయన విరుపులు, ఆయన జోకుల వరస, చివర ఆయన వేసే మూడు చుక్కలతో సహా!

మంగళవారం సాయంత్రం ఆ కాగితాలు పట్టుకుని ఆస్పత్రికెళ్లాను. చదివారు. ఎక్కడా నవ్వలేదు.

'బాగానే ఉందయ్యా. ఉత్తరాలు చూశావా?'

'ఏ ఉత్తరాలు సార్?'

'పాఠకులవి. నా బల్ల కింద అట్టపెట్టెలో ఉంటాయి. అవి చదివాకే ఆ వారం ఏం రాయాలో నాకు తెలిసేది.'

చెంప మీద కొట్టినట్టయింది. ఆయన జోకులు అందరికీ కనిపించేవి. ఆ అట్టపెట్టె ఎవరికీ కనిపించలేదు. ఆయన చొక్కా వేసుకున్నాను గానీ, ఆయన చేసే పనేమిటో నేను అడగనే లేదు.

ఆ రాత్రి ఒకటిన్నరకి మళ్లీ టీవీ ముందు కూర్చున్నాం. బెర్నార్డ్‌కే చాన్సు! బ్యాంకువాడు గదంతా గెంతాడు. జాతీయగీతం పాడుతుంటే డేవిడ్ లూయిజ్, గోల్‌కీపరు జూలియో సీజర్ కలిసి నెయ్‌మార్ పది నంబరు చొక్కా పైకెత్తి పట్టుకున్నారు. మా కళ్లలో నీళ్లు. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం ఇంకోలా అనిపిస్తుంది. ఆడబోయే పదకొండు మందీ ఆ వేళ ఆడనివాడి బరువు మోస్తున్నారు.

సిల్వా జాగాలో దాంతె వచ్చాడు. ఆ ప్రపంచ కప్పులో అతనికదే మొదటి మ్యాచ్. పదకొండో నిమిషంలో జర్మనీకి కార్నర్. ముల్లర్ పక్కన మనిషన్నవాడు లేడు. గోల్! సరే, ఒక్కటే కదా అనుకున్నాం. ఇరవై మూడో నిమిషంలో క్లోజ్. ఆ తర్వాత క్రూస్, మళ్లీ క్రూస్, ఖెదీరా. గోలు రీప్లే వేస్తున్నారనుకుంటే అది ఇంకో కొత్త గోలు! ఇరవై తొమ్మిదో నిమిషానికి 5-0. ఇంజనీరు టీవీ సౌండు తీసేశాడు. చివరికి 7-1.

ఇందులో అసలు తమాషా ఏమిటంటే, మా ముగ్గురి అభ్యర్థులూ ఆ రాత్రి మైదానంలోకి దిగారు. బెర్నార్డ్ మొదటి నుంచీ ఆడాడు. ఇంటర్వెల్ తర్వాత పౌలిన్హో వచ్చాడు. మరికాసేపటికి విలియన్ కూడా వచ్చాడు. నాలుగు రోజుల మా వాదనల్లో ఒక్కటీ వృథా పోలేదు, ఒక్కటీ అక్కరకు రాలేదు! ముందుండే మనిషి కోసం మేం కొట్టుకుంటుంటే ఇల్లు వెనకనుంచి కూలింది.

సిల్వా ఉంటే గెలిచేవాళ్లని ఒట్టేసి చెప్పను. మూడో స్థానం మ్యాచ్‌కి అతను తిరిగొచ్చాడు, నెదర్లాండ్స్ చేతిలో 3-0తో ఓడారు. నేను చెప్పేదల్లా ఒక్కటే. వెనక గోడ సంగతి మేం ముగ్గురం ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

మూడున్నరకి హోటల్‌కెళితే చాచా మమ్మల్ని ఒక్క మాట దెప్పలేదు. మూడు చాయ్‌లు తనే చెప్పి 1962 కథలు ఎత్తుకున్నాడు.

ఆ ఏడాది చిలీలో ప్రపంచ కప్పు. రెండో మ్యాచ్‌లోనే, చెకొస్లొవేకియా మీద ఆడుతూ పీలే గాయపడ్డాడు. ఆ రోజుల్లో సబ్‌స్టిట్యూట్లు లేరు. 1970లో గానీ ప్రపంచ కప్పులో ఆ వీలు రాలేదు. కుంటుతూనే ఆట ముగించి, ఇక ఆ కప్పులో మళ్లీ ఆడలేదు. అతని జాగాలో వచ్చిన అమరిల్డో స్పెయిన్ మీద రెండు గోల్స్ కొట్టాడు. బ్రెజిల్ కప్పు గెలిచింది, ఫైనల్లోనూ అతనిదొక గోలు. అమరిల్డో పీలే కాగలిగాడా? లేదు. కాకపోతే గారించా, దిదీ, జగాలో, నిల్టన్ శాంటోస్ అందరూ అతనితో బొటఫోగో క్లబ్బులో ఆడేవాళ్లే. కొత్తచోటికి వచ్చినట్టు కాక పక్కింటికి వెళ్లినట్టు వెళ్లాడు. ఇక పీలే చేసే మిగతా పని గారించా నెత్తికెత్తుకున్నాడు. ఇంగ్లండ్ మీద రెండు, సెమీస్‌లో చిలీ మీద రెండు గోల్స్!

అదే ఏడాది జకార్తా ఏషియన్ గేమ్స్. మన జట్టు కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. చాచా ఆ పేరు చెప్పేటప్పుడు సర్దుకుని కూర్చున్నాడు. వెనక గోడలాంటి డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం ఏం చేశాడనుకున్నారు? అతన్ని ఇంటికి పంపలేదు. తీసుకెళ్లి ఫార్వర్డ్ లైన్లో నిలబెట్టాడు! సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో దక్షిణ కొరియా మీద పి.కె.బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. స్వర్ణం మనది! అదే కొరియా అంతకుముందు లీగ్ మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. రహీం మీద అజయ్ దేవగన్‌తో తీసిన 'మైదాన్' 2024లో వచ్చింది. మొదటిరోజు చూశాను. తలకి కట్టుతో జర్నైల్ ఆడే వేళకి నాకు తెర కాదు, ఆ హోటల్లో చాచా ముఖం కనిపించింది.

మర్నాడు నేను రాసింది చింపేశాను. పత్రికాఫీసుకెళ్లి బల్ల కింద అట్టపెట్టె లాగాను. పైన ఉన్న ఉత్తరం మొదలు ఒక్కొక్కటే చదివాను. ఆ వారం పేజీలో ఒక్క జోకూ లేదు. ఒక పల్లెటూరి కుర్రాడి ఉత్తరానికి జవాబు మాత్రం ఉంది. రెండు నెలల తర్వాత పెద్దాయన చేతికర్రతో వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. నేను మళ్లీ బెంచీ మీదికి చేరుకున్నాను. వెళ్లేటప్పుడు పెట్టె ఖాళీగా ఉండటం చూసి ఆయన ఓసారి నావైపు చూశారు. ఆ చూపే నాకు శతదినోత్సవం షీల్డు.

ఇప్పుడు ముగ్గురం తలోచోట ఉన్నాం. అయినా ఎక్కడ ఏ స్టార్ ఆటగాడు కాలు పట్టుకుని పడిపోయినా ఆ రాత్రే ఫోన్లు మోగుతాయి. వాదన మామూలే, తిట్లు మామూలే. కానీ పెట్టేసే ముందు ఇంజనీరు ఒక మాట తప్పకుండా అడుగుతాడు: 'ఒరేయ్, ఇంకెవరు ఆడట్లేదో చూశారా?'

ఈసారి మీ అభిమాన జట్టుకి అలాంటి కష్టమొస్తే, మీరూ ఆ పాత హోటల్ బల్ల దగ్గర మాతో కూర్చున్నట్టే అనుకోండి. గొంతు పోయేదాకా వాదించండి, అది అభిమానుల జన్మహక్కు. మధ్యలో చాయ్ వచ్చినప్పుడు మాత్రం ఒక్కసారి వెనక గోడవైపు కూడా ఓ కన్నేయండి. ఏమంటారు?